మంట కనపడని పొయ్యి

కొంగు నడుములో దోపుకోవడం, జడ ముడేసుకోవడం, పడుకోబోయే ముందు సిలిండరు రెగ్యులేటర్ కట్టేయడం, గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా ముందు కిటికీలు తెరవడం. ఇవన్నీ మనకి మంట నేర్పిన పాఠాలు. కట్టెల పొయ్యి కొన్ని నేర్పింది, కిరోసిన్ స్టవ్ కొన్ని నేర్పింది, 1999లో దీపం పథకంతో ఊళ్లలోకి వచ్చిన గ్యాస్ మరికొన్ని నేర్పింది. గ్యాస్‌కి సొంత వాసన లేదని, లీకైతే తెలియడం కోసమే అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారని తెలిసినవాళ్లు తక్కువే. ఆ వాసన ముక్కుకి తగిలితే ఏం చెయ్యాలో మాత్రం ఇంట్లో పదేళ్ల పిల్లకీ తెలుసు.

ఇండక్షన్ స్టవ్‌కి మంట లేదు, వాసన లేదు, బర్నర్ చప్పుడూ లేదు. ఓ నల్లటి గాజుపలక, దాని మీద నాలుగు మీటలు, అంతే. మంట లేదు కదా అని మనసు కుదుటపడుతుంది. అందులో సగం న్యాయమే. చీర కొంగో చున్నీయో అంటుకుని ఆడవాళ్లు కాలిపోవడం వినని ఊరు మన దగ్గర లేదు. ఆ ఒక్క కారణానికే ఈ పొయ్యి ప్రతి ఇంట్లో ఉండాలని కోరుకునేదాన్ని నేను. కానీ ప్రమాదం ఇంట్లోంచి పోలేదు, చోటు మారింది. ఇప్పుడది గోడలో ప్లగ్గు దగ్గర ఉంది, పొయ్యి అడుగున ఫ్యాన్ దగ్గర ఉంది, మూకుట్లో నూనెలో ఉంది. మన జాగ్రత్తలు కూడా అక్కడికి వెళ్లాలి.

ముందు గోడ సంగతి. మా పక్క ఫ్లాట్ ఆవిడ ఒకరోజు పొద్దున్నే వచ్చి, "వంటింట్లో ఎక్కడో చేపలు ఎండబెట్టినట్టు నీచు వాసనొస్తోందండీ, మేం చూస్తే శాకాహారులం" అంది. వెళ్లి చూస్తే ఇండక్షన్ స్టవ్ ప్లగ్గు దగ్గర ఆ వాసన. మెయిన్ కట్టేసి, చల్లారాక లాగి చూశాం. మూడు పిన్నుల్లో ఒకదాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, సాకెట్ బెజ్జం అంచు కరిగి వంకరపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి స్టవ్ వైపు చూడనైనా చూడలేదు. "పొయ్యికేం కాలేదమ్మా, బాగానే ఉంది. ఇది లైటింగ్ పాయింటు, దీనికి ఇంత లోడ్ పెట్టకూడదు" అని బోర్డు విప్పాడు.

లెక్క చిన్నదే. స్టవ్ మీద 2000 వాట్లు అని రాసి ఉంటే, 230 వోల్టుల దగ్గర అది లాగే కరెంటు దాదాపు 8.7 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకి చేసింది. అంటే 1380 వాట్లతోనే దాని పని సరి. ఫ్రిజ్జుకీ గీజర్‌కీ పెట్టే పెద్ద బెజ్జాల 16 ఆంపియర్ల సాకెట్టే ఈ పొయ్యికి కావాలి. పెద్ద పిన్ను పట్టలేదని కన్వర్షన్ ప్లగ్గు తెచ్చి చిన్న సాకెట్లో దూర్చడం మన ఇళ్లలో జరిగే అతి మామూలు తప్పు. పైకి అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, పప్పు ఉడుకుతుంది, టీ కాగుతుంది. లోపల పిన్ను వదులుగా ఆనుతూ ఉంటుంది. ఆ ఆనే చోట పావు ఓమ్ అడ్డంకి ఉన్నా, 8.7 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడ దాదాపు 19 వాట్ల వేడి పుడుతుంది. టంకం పెట్టే చిన్న సోల్డరింగ్ ఐరన్‌ని వేడి చేసి సాకెట్ లోపల వదిలేసినట్టే. ఆ నీచు వాసన కాలుతున్న ప్లాస్టిక్‌ది.

కాబట్టి కొత్త స్టవ్ కొన్నవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఒకటే. మొదటి వారంలో ఓ రోజు అరగంట వండాక, స్టవ్ ఆపి, ఫ్యాన్ ఆగాక గోడ స్విచ్ కూడా తీసేసి, ప్లగ్గు పైభాగాన్ని వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి వెనక్కి తీసుకునేంత వేడిగా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఈ స్టవ్ అసలు పెట్టకండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో కోచింగ్ పిల్లలు ఉండే తీరు చూస్తే నాకు గుండె గుబేలుమంటుంది. మంచం పక్కన నేల మీద సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, అందులోనే ల్యాప్‌టాప్, అందులోనే కూలర్, అందులోనే అన్నం వండే స్టవ్. ఆ వైరు చాప కిందనుంచి పోతుంది, వేడెక్కినా కంటికి కనపడదు. గది అద్దెకిచ్చే ఇంటివాళ్లు వంట వద్దని బోర్డు రాసిపెట్టే బదులు, ఒక్కో గదికి ఒక్క పవర్ పాయింటు వేయిస్తే ఎంతో మేలు.

ఎర్తింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. స్టీలు గిన్నె తాకితే జిల్లుమంటోందని, చెప్పులు వేసుకుని వండుకుంటున్నామని చెప్పేవాళ్లు ఉన్నారు. చెప్పులు దానికి మందు కాదు. ఎర్త్ వైరు ఎక్కడో తెగింది, లేదా ఆ ఇంటికి అసలు వెయ్యనే లేదు. అది సరిచేసేదాకా స్టవ్ వాడకూడదు. వీలైతే మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఒంట్లోంచి కరెంటు నేలకి పారడం మొదలవగానే అది కళ్లు మూసి తెరిచేలోపు పడిపోతుంది. బోర్డులో మామూలుగా ఉండే ఎంసీబీ ఆ పని చెయ్యదు, అది వైర్లని కాపాడేది.

ఇక పొయ్యి అడుగు. గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. అందులో సెకనుకి 20 వేల సార్లకి పైగా దిశ మార్చుకునే కరెంటు పారుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రం ప్రకారం, మారే అయస్కాంత క్షేత్రం పైనున్న గిన్నె అడుగులో కరెంటు పుట్టిస్తుంది, గిన్నె తనకి తానే వేడెక్కుతుంది. ఇదంతా నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు కూడా వేడెక్కుతుంది గనక దాన్ని చల్లబరచడానికి అడుగున ఫ్యాన్ పెడతారు. ఆ ఫ్యానుకి గాలి ఆడాలి. స్టవ్ కింద న్యూస్‌పేపరో ప్లాస్టిక్ షీటో పరిస్తే అది లోపలికి పీల్చుకుని బెజ్జాలు మూసేసుకుంటుంది. గోడకి జానెడు ఎడం ఉండాలి. పక్కన గ్యాస్ స్టవ్ మండుతుంటే దాని సెగ దీనికి తగలకూడదు. వంటయ్యాక స్టవ్ మీద మీట నొక్కి ఆపితే ఫ్యాన్ ఇంకాసేపు తిరుగుతుంది, అది ఆగాకే గోడ స్విచ్ తీయాలి. ఇక బొద్దింకలు. వెచ్చగా, చీకటిగా ఉంటుందని ఆ బెజ్జాల్లోంచి లోపలికి దూరి, బోర్డు మీద చచ్చి షార్ట్ చేస్తాయి. రిపేరుకొచ్చిన స్టవ్ విప్పి చూపించమని ఏ మెకానిక్‌నైనా అడగండి. రాత్రిపూట ప్లగ్గు తీసి, తుడిచి, అలమరలో నిలబెట్టి ఉంచితే సగం గొడవ తగ్గుతుంది.

నేను ఎక్కువసేపు మాట్లాడదలుచుకున్నది పోపు గురించి. తెలుగు వంటింట్లో ఈ పొయ్యి దగ్గర అసలు పరీక్ష అక్కడే.

గ్యాస్ మీద పోపు వెయ్యడం అంటే కంటితో చేసే పని. మంట చూసి తగ్గిస్తాం, పెంచుతాం. ఇండక్షన్ మీద కన్ను పనిచెయ్యదు. రెండు చెంచాల నూనె, అరకిలో స్టీలు మూకుడు, 1600 వాట్లు. లెక్క కడితే నూనె 230 డిగ్రీలకి చేరి పొగ రావడానికి నిమిషం కూడా పట్టదు. ఆవాల డబ్బా కోసం వెనక్కి తిరిగి, మూత తీసి, ఇటు తిరిగేలోపు ఆ నిమిషం అయిపోతుంది. వేడి అలాగే పెరిగి 350 డిగ్రీలు దాటితే నిప్పు తగలకుండానే నూనె అంటుకోవచ్చు. స్టవ్‌లో ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంది కదా అనుకుంటాం. ఆ సెన్సర్ ఉండేది గాజు కింద, మధ్యలో. మూకుడు అడుగు కొద్దిగా గుంటబడి ఉంటే గాజుకి ఆనదు, నూనె ఎంత కాగిందో ఆ సెన్సర్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంకో చిక్కుంది. చాలా మోడళ్లు 400 వాట్లకి తగ్గించామంటే నిజంగా 400 వాట్లతో ఆగకుండా కాచవు. కొన్ని సెకన్లు గట్టిగా కాచి, కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ గట్టిగా కాస్తాయి. మెంతులు ఒక్కసారిగా నల్లబడటానికి కారణం అదే.

అందుకని పోపుకి నా పద్ధతి ఇది. దినుసులన్నీ ముందే పళ్లెంలో పక్కన పెట్టుకుంటాను, కరివేపాకు తడి ఆరేలా గుడ్డ మీద వేసి. అడుగు మందంగా, చదునుగా ఉన్న మూకుడే వాడతాను. 800 వాట్ల దగ్గర నూనె పోసి, ఒక్క ఆవగింజ వేస్తాను. అది చిట్లగానే మిగతా ఆవాలు, మినప్పప్పు వేస్తాను. ఆవాలు చిటపటమనడం మొదలవగానే స్టవ్ ఆపేస్తాను. ఇక్కడే చాలామంది తొందరపడతారు, ఇంకా ఉండనిద్దామంటారు. అవసరం లేదు. మందపాటి అడుగులో ఉన్న వేడే జీలకర్రకి, ఎండుమిర్చికి, ఇంగువకి, చివర్న కరివేపాకుకి సరిపోతుంది. మినప్పప్పు బంగారు రంగులో ఆగుతుంది. నూనె చింది గాజు మీద పడ్డా భగ్గుమనడానికి మంట లేదు.

ఒకవేళ నూనె అంటుకుందే అనుకోండి, నీళ్లు మాత్రం పోయకండి. మండే నూనె మీద నీళ్లు పడితే అవి క్షణంలో ఆవిరై మండుతున్న నూనెని మీ మొహం మీదికి చిమ్ముతాయి. మీట నొక్కి ఆపి, స్టీలు మూతో పళ్లెమో పక్కనుంచి జరుపుతూ మూసెయ్యండి. పూర్తిగా చల్లారేదాకా మూత ఎత్తకండి, మూకుడు కదపకండి. పోపు వేసేటప్పుడు సరిపోయే మూత ఒకటి చేతికందేలా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

గిన్నెల విషయంలో అయస్కాంతాన్ని మించిన సలహాదారు లేరు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లండి. గిన్నె అడుగుకి గట్టిగా పట్టుకుంటే కొనండి. అల్యూమినియం, ఇత్తడి, రాగి, కంచు, మట్టికుండ, రాచ్చిప్ప దీని మీద కాగవు. చేపల పులుసు మట్టికుండలో, పప్పుచారు రాచ్చిప్పలో కావాలంటే వేరే పొయ్యి ఉంచుకోవాల్సిందే. వాటి కింద పెట్టుకోమని అమ్మే ఇనుప బిళ్ల నాకు నచ్చదు. వేడంతా ముందు ఆ బిళ్లలో పుట్టి, గాజుని కాల్చి, ఆపైన ఎప్పటికో గిన్నెకి చేరుతుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా ఎక్కువ వాట్ల మీద పెట్టడం కూడా వద్దు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది, పొగ మంచిది కాదు. దోసెకి ఇనుప పెనం బాగుంటుంది గానీ బరువైనది. ఈడ్చకుండా ఎత్తి పెట్టండి, ఎత్తు నుంచి వదలకండి. గాజు మీద వెంట్రుకంత బీట కనిపించినా ఆ స్టవ్ వాడటం ఆ క్షణమే ఆపెయ్యాలి. పాలు పొంగితే ఆ బీటలోంచే లోపలికి దిగేది, కింద ఉన్నది కరెంటు.

కొట్లలో పక్కపక్కనే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్‌లు కూడా అమ్ముతున్నారు. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి, ఏ గిన్నె పెట్టినా కాగుతుందని చెబుతారు. వాటిలో కాలేది గాజే. దించాక చాలాసేపు అలాగే కాలుతూ ఉంటుంది. ఇండక్షన్ గాజు కూడా గిన్నె వేడికి కాలుతుంది. నల్లటి పలక చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా కనిపిస్తుంది, తెలియక చెయ్యి పెట్టేది పసిపిల్లలే.

గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే డాక్టర్‌ని ఒక్క మాట అడగండి. పని చేస్తున్న స్టవ్‌కి దాదాపు 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగుల దూరం పాటించమని బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ చెబుతుంది. దాని మీదికి వంగి గిన్నె కలపడం వాళ్ల పని కాకూడదు, ఇంట్లో ఇంకెవరైనా చెయ్యాలి.

స్టవ్‌లు చేసే కంపెనీలకి ఒక్క విన్నపం. నేను చూసిన స్టవ్‌ల పెట్టెల్లో చిన్న పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, హిందీలో ఉంటుంది. మీటల మీద మాటలన్నీ ఇంగ్లీషే. ఈ పొయ్యి ముందు నిలబడి వండేది డెబ్భై ఏళ్ల మా పెద్దమ్మ లాంటివాళ్లు. ఆవిడ తెలుగు పేపరు చివరి పేజీదాకా చదువుతుంది గానీ, గాజు మీద ఎర్రగా వెలిగే గుర్తుకి అర్థం ఏమిటో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మేం తెల్లకాగితం మీద "పాలు", "నీళ్లు", "తగ్గించు", "ఆపు" అని రాసి మీటల పక్కన టేపుతో అంటించాం. గోడ మీద స్విచ్ పైన ఇంకో కాగితం: ఫ్యాన్ చప్పుడు ఆగాక ఇది తీయండి. జాగ్రత్తలు పది వాక్యాల్లో తెలుగులో అచ్చువేసి పెట్టెలో పెట్టడం ఏ కంపెనీకీ భారం కాదు. అది చేసేదాకా, పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో పిల్లలెవరైనా ఆ కాగితాలు రాసి అంటించండి.