వెలుగునీడల సంధి

లేపాక్షి వీరభద్రాలయపు మండపమున నిలిచి, కప్పుమీది విజయనగరకాలపు వర్ణచిత్రములను తలయెత్తి చూచినవారికి తమ కన్నెంత గడుసుదో తెలియును. పైని మసకలో ఎఱ్ఱని రంగులును నల్లని గీతలును మెల్లమెల్లగా పోల్కికి వచ్చుచుండగానే, స్తంభముల సందున ఆవలి ప్రాకారముపై కాయుచున్న మిట్టమధ్యాహ్నపుటెండయు అదే కంటికి అగపడుచుండును. కంటిపాప క్షణక్షణమును ముడుచుకొని విచ్చుకొని తెచ్చియిచ్చిన తునుకలను మనస్సు కూర్చుకొనును గనుక రెండును మనకు ఒకే దృశ్యముగా తోచును. కెమెరాకు ఆ సౌలభ్యము లేదు. దాని రెప్ప ఒక్కమాఱు తెఱచి మూసికొనులోపల మండపమును పట్టినచో ప్రాకారము సున్నము కొట్టిన గోడవలె తెల్లబోవును. ప్రాకారమును పట్టినచో మండపము మసిగుడ్డయై మిగులును.

ఈ చిక్కు నేటిది కాదు. ఛాయాగ్రహణము ఇంకను గాజుపలకల మీద సాగుచున్న కాలమున, తడి కొలోడియన్ పూత నీలివెలుగునకు మిక్కిలి చుఱుకుగా స్పందించుటచేత, నేలకు చాలినంతసేపు కటకమును తెఱచి యుంచినచో ఆకాశము వట్టి తెల్లకాగితమయ్యెడిది. ఫ్రాన్సు దేశీయుడగు గుస్తావ్ లె గ్రే 1857 లో సేత్ రేవునొద్ద తీసిన ‘మహాతరంగము’ అను ప్రసిద్ధచిత్రమునకు సముద్రమున కొక నెగటివును, మేఘములకు వేఱొక నెగటివును వాడి, దిగంతరేఖ యొద్ద రెంటిని అతికి అచ్చు తీసెను. ఒకే ఆకాశమును పలుసముద్రములపై కప్పుటకును ఆయన వెనుదీయలేదు. దానిని నేర్పనవలెనో బొంకనవలెనో నాకు నేటికిని తెగని ప్రశ్న.

డిజిటల్ కెమెరా చేతికి వచ్చిన పిమ్మట అతుకు పని సులభమైనది. మేఘములను ఎరువు తెచ్చుకొనవలసిన యగత్యము తప్పినది. నిలిచినచోటనే నిలిచి, కటకద్వారమును మార్పక, రెప్పపాటు కాలమును మాత్రము సెకనులో 500 వ వంతు, 125 వ వంతు, 30 వ వంతు అని మార్చుచు మూడు చిత్రములు తీసినచో, ఒక్కొక్కటి ముందుదానికి సుమారు నాలుగింతల వెలుగును గ్రహించును. మొదటిది ఎండకు సాక్షి, కడపటిది చీకటికి సాక్షి. ఈ మూడు సాక్ష్యములనుండి ఒక్క తీర్పును రాబట్టుట యెట్లన్నదే ఈ విద్యకు సారము.

రెండు త్రోవలు కలవు. 1997 లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అను పరిశోధకులు చూపిన త్రోవలో, ఆ చిత్రములనుండి దృశ్యమునందలి వాస్తవకాంతి పరిమాణమునే గణించి, పిదప ఆ విస్తారమైన శ్రేణిని కంప్యూటరు తెఱకు పట్టునంతగా అదిమి కుదింతురు. స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ అగు ‘లూమినెన్స్ ఎచ్‌డీఆర్’ ఈ కుదింపు రీతులను పెక్కింటిని ఒక్కచోట చేర్చి ఇచ్చుచున్నది. శాస్త్రముగా ఇది గంభీరమైనదే. కాని చేయి హద్దు మీఱినచో మేఘములకు మసి పట్టును, చెట్ల చుట్టును దేవతామూర్తులకువలె ప్రభామండలములు లేచును, రంగులు తిరునాళ్లలో అమ్ము క్యాలెండరు బొమ్మలను తలపించును. ఇట్టివానిని చూచి చూచి నా కన్ను అలసినది.

రెండవ త్రోవ వినయవంతమైనది. టామ్ మెర్టెన్స్, యాన్ కౌట్జ్, ఫ్రాంక్ వాన్ రీత్ అను మువ్వురు 2007 లో ప్రకటించిన పత్రమున, వాస్తవకాంతి లెక్కల జోలికే పోక, ఉన్న చిత్రములలో ఏది ఎచ్చట బాగుగా చూచెనో అచ్చటికి దాని మాటనే ఎక్కువగా వినుడనిరి. ప్రతి బిందువును మూడు ప్రశ్నలు అడుగుదురు: నీ వెలుగు మధ్యస్థముగా ఉన్నదా? నీ రంగు చిక్కగా ఉన్నదా? నీ చుట్టును వివరము స్పష్టముగా ఉన్నదా? ఈ మార్గమును అనుసరించి ఆండ్రూ మిహాల్ నిర్మించిన సాధనమే ‘ఎన్‌ఫ్యూజ్’. నలుపును 0 గా, తెలుపును 1 గా గొన్నచో, 0.5 దానికి ఆదర్శము. దానినుండి తొలగినకొలది సాక్ష్యపు విలువ గంట ఆకారపు వక్రరేఖ ననుసరించి తగ్గును. ఆ గంట వెడల్పు 0.2. 0.9 యొద్దనున్న తెల్లని బిందువు మాటకు, సరిగా నడుమనున్న బిందువు మాటలో సుమారు ఏడవవంతు విలువయే దక్కును. మనము వేఱుగా చెప్పనంతవఱకు, వెలుగు ప్రశ్నకు 1, రంగు ప్రశ్నకు 0.2 చొప్పున అది తూకము వేయును. వివరము ప్రశ్నను అడుగనే అడుగదు.

తూచుటతో పని తీఱినచో ఎంత బాగుండెడిది! ఒక బిందువు ఒక చిత్రమునుండియు, దాని ప్రక్కది వేఱొకదానినుండియు వచ్చినచో బొంతకుట్లు బయటపడును. కుట్లు మాయుటకని తూకములను చదునుచేసినచో అంచుల చుట్టును ప్రభామండలములు లేచును. దీనికి మందు అంతకు చాల మున్నే సిద్ధమై యున్నది. 1983 లో పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ అడెల్సన్ అనువారు చిత్రమును మెట్టుమెట్టుగా సగమునకు కుదించుచు, ఒక్కొక్క మెట్టున జారిపోయిన వివరమును విడిగా పొరలుగా దాచు గోపురమువంటి కట్టడమును వివరించిరి. పెద్దరూపములు గల పొరలను వెడల్పుగాను, సన్నని వివరములు గల పొరలను ఇఱుకుగాను కలిపి, మరల ఒక్కటిగా పేర్చినచో అతుకు కనబడదు. సగము ఆపిలు, సగము నారింజయైన ఫలమొకదానిని వారు ఇట్లు చేసి చూపిరి. ఆ రెండు పండ్లు ఎచ్చట కలిసెనో వ్రేలు పెట్టి చూపలేము. రామ, ఆలయము అను రెండు పదములు రామాలయమైన పిమ్మట నడిమి అచ్చు ఎవరిదని ఎవరు చెప్పగలరు? మన వైయాకరణులు సంధియని పేరిడిన వ్యవహారమిదియే.

మిహాల్ ఎన్‌ఫ్యూజ్‌నకు ముందు ‘ఎన్‌బ్లెండ్’ అను దానిని ఇదే గోపురవిధానముతో, విశాలదృశ్యచిత్రముల అతుకులను మాయజేయుటకై నిర్మించెను. రెండును జనరల్ పబ్లిక్ లైసెన్స్ క్రింద మూలరచనతో సహా లోకమునకు ఇయ్యబడినవి. ఉచితమగుట చిన్నలాభము. అంగడిలో దొరకు సాధనములు పెక్కు ఒక్క మీట నొక్కించి బొమ్మను చేతికిచ్చును గాని, ఏ సాక్షిని ఎంత నమ్మెనో చెప్పవు. వానితో పదియేండ్లు పనిచేసినవాడును మీట నొక్కువాడుగనే మిగులును. ఇచ్చటనో, సూత్రము క్రింద వృత్తి యున్నట్లు, ప్రతి తూకమునకును పేరు కలదు, విలువ కలదు, దానిని మార్చుటకు అధికారము కలదు. వెలుగు, రంగుల తూకములను సున్న చేసి వివరమునకు 1 ఇచ్చి, ప్రతి చోటను ఒక్క సాక్షినే నమ్ముమని కఠినముగా ఆజ్ఞాపించినచో, అదే సాధనము చీమ కన్నును మీసమును వేఱువేఱు దూరములలో పట్టిన చిత్రములను కలిపి ఆపాదమస్తకము స్పష్టమైన చీమను చూపును. నిర్మాత వెలుగునకై చేసినది మఱొక పనికి ఒదిగినది.

లోపములును లేకపోలేదు. మూడు చిత్రముల నడుమ ఆకు కదలినను, మనిషి నడచిపోయినను, వాని జాడలు దయ్యములవలె మిగులును. ఎన్‌ఫ్యూజ్‌నకు దయ్యములను వదలించు విద్య తెలియదు. చేతి వణకునకు మాత్రము మందున్నది: ‘హ్యూగిన్’ అను తోడిసాధనముతో వచ్చు ‘అలైన్ ఇమేజ్ స్టాక్’ చిత్రములలోని ఉమ్మడి గుర్తులను పట్టుకొని వానిని ఒకదానిపై నొకటి సరిగా కూర్చోబెట్టును.

లేపాక్షిలో నేను ముక్కాలిపీట లేకయే స్తంభమునకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి మూడు చిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి వానిని సరికూర్చి, తూకములను ముట్టక ఎన్‌ఫ్యూజ్‌నకు అప్పగింపగా, మండపమంతయు పెండ్లిపందిరివలె వెలిగినది. కప్పుమీది ప్రతి గీతయు కనబడినది గాని, తలయెత్తి వెదకి చూచిన ఆ మసక ఎటు పోయెనో! ఆదర్శమును 0.5 నుండి 0.4 నకు దించి మరల నడిపితిని. ప్రాకారముమీది ఎండ నిలిచినది, రంగులు నిలిచినవి, స్తంభముల వెనుక కొంత చీకటి తిరిగి వచ్చినది.