పాత మాట తప్పని కొత్త జావా

పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోర్ జావా నేర్చుకున్న వాళ్లందరికీ ఈ నాలుగు మాటలు నోటికి వచ్చు. జనగామ, మహబూబాబాద్‌ల నుంచి రైలెక్కి, భూపాలపల్లి నుంచైతే బస్సెక్కి వచ్చి హాస్టల్లో చేరిన పిల్లలకు మొదటి రోజు బోర్డు మీద కనిపించేవి ఇవే. స్టాటిక్ ఎందుకని అడిగితే ‘అది తర్వాత చెప్తా, ముందు రాసుకోండి’ అనడం తప్ప పాఠం చెప్పేవాళ్లకు మరో దారి లేదు. క్లాసు, ఆబ్జెక్టు అంటే ఏమిటో తెలిశాకే ఆ జవాబు అర్థమవుతుంది.

2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25 ఈ చిక్కు విప్పింది. మొదటి ప్రోగ్రాముకు ఇప్పుడు క్లాసు రాయక్కర్లేదు, పబ్లిక్ స్టాటిక్ అక్కర్లేదు. వాయిడ్ మెయిన్ అని మొదలుపెట్టి లోపల ఒక్క వాక్యం రాస్తే చాలు, నడుస్తుంది. పాత పద్ధతిలో నాలుగు మాటలతో రాసిన ప్రోగ్రామూ అలాగే నడుస్తుంది. ఈ రెండో సంగతిలోనే జావా విలువ ఉంది. ఉన్నదాన్ని చెడగొట్టకుండా కొత్తదాన్ని చేర్చుకోవడం ఈ భాషకు ముప్పై ఏళ్లుగా వస్తున్న సంప్రదాయం. ఈనాటి జావా మార్పులను ఆ కోణంలోంచి చూస్తేనే వాటి తీరు బోధపడుతుంది.

సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం 1991లో మొదలుపెట్టిన పని 1995లో జావాగా లోకానికి తెలిసింది. రాసిన కోడు నేరుగా యంత్రభాషలోకి పోదు. ముందు బైట్‌కోడ్‌గా మారుతుంది. దాన్ని జేవీఎం (జావా వర్చువల్ మెషిన్) చదివి, తానున్న యంత్రానికి తగ్గట్టు నడిపిస్తుంది. ఈ నడిమి పొర వల్లనే కింద యంత్రాలు మారినా పైనున్న కోడు చెక్కుచెదరలేదు. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి వెళ్లింది. అప్పటికే ఓపెన్‌జేడీకే పేరుతో జావా సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉంది.

మార్పులు తెచ్చే పద్ధతి కూడా మారింది. 2014 మార్చిలో జావా 8 వచ్చాక జావా 9 కోసం మూడున్నరేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచి ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వెర్షన్ విడుదలవుతోంది. వాటిలో 11, 17, 21, 25 దీర్ఘకాలం మద్దతు ఉండేవి. కంపెనీలు ఎక్కువగా వీటినే పట్టుకుంటాయి. కొత్త సదుపాయాన్ని వెంటనే ఖాయం చేయరు. ముందు ప్రివ్యూగా వదిలి, వాడినవాళ్ల అభిప్రాయాలు విని, దిద్ది, అప్పుడు స్థిరపరుస్తారు. పైన చెప్పిన చిన్న మెయిన్ పద్ధతి వరుసగా నాలుగు వెర్షన్లలో ప్రివ్యూగా ఉండి, ఐదోసారి ఖాయమైంది. స్ట్రింగ్ టెంప్లేట్లు అనే మరో సదుపాయాన్ని రెండు వెర్షన్లలో ప్రివ్యూగా పెట్టి, తృప్తినివ్వక వెనక్కి తీసుకున్నారు. ఒకసారి మాటిస్తే దశాబ్దాలు నిలబెట్టుకోవాలి కనుకనే ఇంత జాగ్రత్త.

భాషలో వచ్చిన మార్పుల్లో రోజూ చేతికి తగిలేది రికార్డు. ఇదివరకు ఒక రైతు పేరు, పంట, ధర దాచుకోవడానికి క్లాసు రాస్తే కన్‌స్ట్రక్టరు, గెటర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్, టూస్ట్రింగ్ అంటూ పేజీ నిండేది. 2021లో జావా 16తో స్థిరపడ్డ రికార్డు ఆ పేజీని ఒక వరుసలోకి కుదించింది. దానికి జోడుగా సీల్డ్ క్లాసులు, స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ వచ్చాయి. చెల్లింపు నగదు, చెక్కు, యూపీఐ అని మూడు రకాలే అని ముందే చెప్పి, డిఫాల్ట్ వదిలేసి ఒక్కో రకానికీ ఒక్కో కేసు రాశామనుకుందాం. రేపు నాలుగో రకం చేర్చితే, దాన్ని పట్టించుకోని ప్రతి స్విచ్‌నూ కంపైలరే పట్టి చూపిస్తుంది. తప్పు కస్టమరు దాకా పోకముందే ప్రోగ్రామరు బల్ల మీదే దొరికిపోతుంది.

వీటన్నిటికన్నా లోతైన మార్పు 2023 సెప్టెంబరులో జావా 21తో వచ్చిన వర్చువల్ థ్రెడ్లు. అసలు థ్రెడ్‌ను బస్సు, చేయాల్సిన పనిని ప్రయాణికుడు అనుకుంటే, పాత పద్ధతి ప్రతి ప్రయాణికుడికీ ఒక బస్సు కేటాయించినట్టే. భూపాలపల్లి నుంచి హనుమకొండ పోయే మనిషి పరకాలలో బ్యాంకు పని చూసుకుంటుంటే, ఆ బస్సు బయటే ఖాళీగా ఆగి ఉండేది. కొత్త పద్ధతిలో అతను దిగగానే బస్సు వేరేవాళ్లను ఎక్కించుకుని సాగిపోతుంది. పనయ్యాక అతను ఏ బస్సు వస్తే అది ఎక్కి మిగతా దారి పోతాడు. సర్వర్లలో ఎక్కువ సమయం డేటాబేస్ జవాబు కోసమో, మరో సర్వీసు జవాబు కోసమో ఎదురుచూడటంలోనే పోతుంది. అందుకే కొద్దిపాటి అసలు థ్రెడ్ల మీద లక్షల వర్చువల్ థ్రెడ్లు నడపగలుగుతున్నారు. ఇంతకుముందు ఈ లాభం కావాలంటే రియాక్టివ్ పద్ధతిలో కోడు తలకిందులుగా రాసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు వరుసగా, మామూలుగా రాసిన కోడుకే ఆ బలం వచ్చింది. అయితే ఎదురుచూపు లేని భారీ లెక్కలకు దీనివల్ల వేగం పెరగదు. ఎక్కడ వాడాలో తెలియడమే నైపుణ్యం.

కంటికి కనపడని చోట కూడా పని జరుగుతోంది. ప్రతి ఆబ్జెక్టుకూ ముందుండే హెడర్ 96 నుంచి 128 బిట్ల దాకా ఉండేది. జావా 25లో ఒక ఆప్షన్ పెడితే అది 64 బిట్లకు తగ్గుతుంది. కోడులో ఒక్క అక్షరం మార్చకుండానే మెమరీ మిగులుతుంది. క్లౌడ్‌లో అద్దె కట్టి నడిపే సర్వీసులు త్వరగా లేవాలి కనుక, గ్రాల్‌వీఎం అప్లికేషన్‌ను ముందే యంత్రభాషలోకి మార్చి ఇస్తోంది.

మాట తప్పాల్సి వచ్చిన సందర్భమూ ఉంది. ఒరాకిల్ 2017లో, సంస్థల అప్లికేషన్లకు వాడే జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించే ఏర్పాటు చేసినా, ట్రేడ్‌మార్కు చిక్కుల వల్ల జావాఎక్స్ అనే పాత ప్యాకేజీ పేరుతో ముందుకు పోవడం కుదరలేదు. 2020లో ఆ ప్యాకేజీ పేరు జకార్తాగా మారింది. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3 అనే ఫ్రేమ్‌వర్కు కొత్త పేరునే స్వీకరించి, కనీసం జావా 17 ఉండాలంది. సర్వ్‌లెట్ల నాటి అప్లికేషన్లున్న సంస్థలు వేలాది ఫైళ్లలో ఇంపోర్టులు మార్చుకోవాల్సి వచ్చింది. పాత మాట నిలబెట్టడం ఎంత మేలో, అది తప్పిన ఇక్కడ అందరికీ తెలిసొచ్చింది.

ఇక మన పిల్లల సంగతి. అమీర్‌పేట బోధనలో గట్టి గుణం ఒకటుంది. స్టాక్, హీప్ బొమ్మలు బోర్డు మీద గీసి, ఆబ్జెక్టు ఎక్కడ పుడుతుందో, రిఫరెన్సు ఎక్కడుంటుందో చేత్తో నోట్సులో వేయిస్తారు. ఏఐ సహాయకులు నిమిషంలో కోడు రాసిచ్చే ఈ రోజుల్లో ఆ బొమ్మ విలువ మరింత పెరిగింది. వచ్చిన కోడు సరైనదో కాదో తేల్చాల్సింది మనిషే. ఆ బొమ్మ మనసులో లేనివాడు తేల్చలేడు. కాని నోట్సు జావా 8 దగ్గర ఆగిపోతే లాభం లేదు. కోర్ జావా పునాదిగా రికార్డులు, వర్చువల్ థ్రెడ్లు, స్ప్రింగ్ బూట్, జేయూనిట్ టెస్టులు, గిట్, డాకర్ నేర్చుకోవాలి.

వీటిలో దేనికీ డబ్బు కట్టక్కర్లేదు. ఓపెన్‌జేడీకే ఉచితం, అధికారిక పత్రాలూ ఉచితమే. బెంగళూరులో సీనియర్ ఇంజనీరు వాడే జావానే మహబూబాబాద్ డిగ్రీ విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. 2020 జనవరిలో వరంగల్‌లో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరిచాక, ఐటీ కొలువంటే హైదరాబాద్ ఒక్కటే కాదని కూడా తేలింది.

రెజ్యూమెలో అందరూ పెట్టే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు పక్కనపెట్టండి. కేసముద్రం మార్కెట్‌యార్డు ధరలు చెప్పే సర్వీసు ఒకటి రాయండి. ధరను రికార్డుగా పెట్టండి, పదివేల మంది ఒకేసారి అడిగినట్టు వర్చువల్ థ్రెడ్లతో పరీక్షించండి, తూకం లెక్కలకు టెస్టులు రాయండి. ఏ మార్పు ఎందుకొచ్చిందో చెప్పగలిగిన ఫ్రెషర్‌కు ఇంటర్వ్యూలో తడబాటు ఉండదు. వెర్షన్లు ఆరు నెలలకోసారి వస్తూనే ఉంటాయి. పునాది తెలిసినవాడికి ప్రతి వెర్షనూ తనకు తెలిసిన జావాకే మరో చేర్పు.