పరమాణు నిర్మాణ బోధనలో ఉపమానాలు: ఆలంకారిక దృష్టితో ఒక పరిశీలన

ప్రస్తావన

కంటికి కనిపించని వస్తువును బోధించవలసి వచ్చినప్పుడు శాస్త్రం కూడా కావ్యంలాగే ఉపమను ఆశ్రయిస్తుంది. ఉన్నత పాఠశాల స్థాయిలోని పరమాణు నిర్మాణ పాఠం ఇందుకు మంచి ఉదాహరణ. థామ్సన్ నమూనాను పుచ్చకాయతోను, రూథర్‌ఫర్డ్ నమూనాను సౌరకుటుంబంతోను పోల్చి చెప్పడం పరిపాటి. ఈ పోలికలు విద్యార్థి మనసులో సులభంగా నిలుస్తాయి. అయితే ఒక నమూనాను విడిచి మరొకదాన్ని ఎందుకు స్వీకరించవలసి వచ్చిందన్న ప్రశ్నకు వీటిలో సమాధానం దొరకదు. ఈ లోపాన్ని అలంకారశాస్త్ర పరిభాషతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పుచ్చకాయ: ఉపమ నుంచి రూపకానికి

ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే నాలుగూ ఉంటే అది పూర్ణోపమ. పుచ్చకాయ గుజ్జులాగా ధనావేశం పరమాణువంతటా వ్యాపించి ఉంటుందని, గింజల్లాగా ఎలక్ట్రాన్లు అందులో పొదిగి ఉంటాయని చెప్పే వివరణ పూర్ణోపమే. తరువాత అది ‘పుచ్చకాయ నమూనా’ అనే పేరుగా కుదించుకుపోతుంది. సమానధర్మం లోపించడంతో లుప్తోపమ అవుతుంది. చివరకు పరమాణువే పుచ్చకాయ అన్న అభేద భావన మిగులుతుంది. అది రూపకం.

కావ్యంలో లోపించిన ధర్మాన్ని సహృదయుడు తన సంస్కారంతో పూరించుకుంటాడు. పరమాణువును ఎన్నడూ చూడని విద్యార్థికి అటువంటి ఆధారం లేదు. అందువల్ల పుచ్చకాయ ధర్మాలన్నీ పరమాణువుకు సంక్రమించే ప్రమాదం ఉంది. థామ్సన్ 1904లో వివరించిన నమూనాలో ఎలక్ట్రాన్లు వలయాలుగా అమరి తిరుగుతుంటాయి; పరమాణు ద్రవ్యరాశికి కూడా అవే కారణమని అప్పటికి ఆయన భావన. పుచ్చకాయలో గింజలు కదలవు, బరువంతా గుజ్జుదే. ఉపమానం ఇక్కడ ఉపమేయాన్ని తలకిందులు చేసింది.

భేదం నుంచి ఆవిష్కరణకు

1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్‌లు పలుచని లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను పంపారు. అత్యధిక భాగం దాటిపోగా, చాలా కొద్ది కణాలు వెనుదిరిగాయి. అంతటా పలుచగా పరచుకున్న ధనావేశం వేగంగా వచ్చే బరువైన కణాన్ని వెనక్కి తిప్పలేదు. అందుకే ఆవేశం అతి చిన్న కేంద్రంలో ఇమిడి ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో నిర్ణయించాడు. థామ్సన్ చిత్రం విఫలమైన చోటే కేంద్రకం బయటపడింది.

సౌరకుటుంబం విషయమూ ఇంతే. గ్రహాన్ని సూర్యుని చుట్టూ తిప్పేది గురుత్వాకర్షణ. ఎలక్ట్రాన్‌ను కేంద్రకానికి కట్టి ఉంచేది విద్యుదాకర్షణ. ఆవేశం గల కణం వలయాకారంలో తిరిగితే శక్తిని వికిరణ రూపంలో కోల్పోయి కేంద్రకంలో పడిపోవాలి. గ్రహానికి ఈ ఆపద లేదు. ఈ చిక్కును ఎదుర్కొంటూనే బోర్ 1913లో స్థిర కక్ష్యలను ప్రతిపాదించాడు. 1926లో ష్రోడింగర్ సమీకరణంతో నిర్దిష్ట కక్ష్య స్థానంలో సంభావ్యతను తెలిపే ఆర్బిటాల్ భావనకు దారి ఏర్పడింది. సౌరకుటుంబాన్ని రూపకంగా గ్రహించిన విద్యార్థి ఇంటర్మీడియట్‌లో ఆర్బిటాల్‌ను కూడా మరో కక్ష్యగానే ఊహించుకునే అవకాశం ఉంది.

ముగింపు

ఉపమానం కంటే ఉపమేయానికి గల విశేషాన్ని చెప్పేది వ్యతిరేకాలంకారం. పరమాణు ఆవిష్కరణ చరిత్రను ఒక వ్యతిరేక పరంపరగా చదవవచ్చు. పోలికను మాత్రమే చెప్పి భేదాన్ని దాచే బోధన ఫలితాన్ని అందిస్తుంది కాని, ఆవిష్కరణను అందించదు. అట్లని ఉపమను విడిచిపెట్టనక్కరలేదు. ప్రతి పోలిక తరువాత ‘ఇది ఎక్కడ పొసగదు?’ అని అడిగి, భేదాలను విద్యార్థుల చేతనే చెప్పిస్తే చాలు. ఉపమాలంకారాన్ని తెలుగు తరగతిలో నేర్చుకునేదీ, పరమాణువును విజ్ఞానశాస్త్ర తరగతిలో చదివేదీ ఒకే విద్యార్థి. ఆ రెండు పాఠాలను కలిపే బాధ్యత ఇద్దరు ఉపాధ్యాయులదీ.