నెట్ వస్తుంది, మాట రాదు

మా పిన్ని కొడుకు డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా సూట్‌కేసు అడుగున పాత ఫోన్లు రెండో మూడో వేసుకొస్తాడు. చాక్లెట్లు పిల్లలకి, బాదంపప్పు మా అమ్మకి, ఫోన్లు నాకు. రిటైరయ్యాక సీలేరులో నాకున్న వ్యాపకం అదేనని వాడికి తెలుసు. పాత ఫోనుకి కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించి, అవసరమున్నవాళ్లకి ఇచ్చేస్తుంటాను. డబ్బు తీసుకోను. ఎవరైనా పసుపో మిరియాలో తెచ్చిస్తే మాత్రం కాదనను.

మొన్న సంక్రాంతికి తెచ్చినవాటిలో ఒకటి చూడగానే ముచ్చటేసింది. గాజు మీద గీత లేదు. ఆరు జీబీ ర్యామ్. బ్యాటరీ ఇంకా పొద్దుటి నుంచి రాత్రిదాకా లాగుతోంది. వెనకవైపు తయారుచేసిన కంపెనీ పేరు చిన్నగా, అమ్మిన నెట్‌వర్క్ పేరు పెద్దగా ఉంది. ఆన్ చేస్తే ముందుగా పలకరించేదీ ఆ నెట్‌వర్క్ బొమ్మే. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది కాలమ్ కాదు, వినియోగదారుల ఫోరానికి పెట్టుకున్న అర్జీ అవుతుంది. పైగా ఈ పని చేసేది వాళ్లొక్కరే కాదు.

"ఇది అన్‌లాక్ అయిపోయిందన్నయ్యా. వాయిదాలన్నీ కట్టేశాను, వాళ్లే తీసేశారు" అన్నాడు తమ్ముడు. సిమ్ వేశాను. గీతలు నాలుగూ నిలబడ్డాయి. ధారకొండ వైపు ఊళ్లో ఉపాధి పనులకి మేటుగా ఉన్న ఒకావిడకి ఇచ్చేశాను. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల హాజరు ఫోన్‌లోనే వేయాలన్నారు కదా, కూలీల ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించాలి. ఆవిడ పాత ఫోను ఆ యాప్ తెరవడానికే ఆపసోపాలు పడేది.

నాలుగోనాడు సంతకి వచ్చి ఫోను బల్ల మీద పెట్టింది. "బాబూ, బొమ్మలొస్తన్నాయి, వాట్సాపొస్తంది. ఫోను చేస్తే మాట రావట్లేదు. దీనికి నోరు లేదేటి?"

నోరుంది. కట్టేశారు.

ఎలాగంటే, ఆవిడది జియో సిమ్. జియోకి 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే ప్రయాణం చేయాలి. దాన్నే వోల్టీ అంటారు. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో టవర్లలో 85 మన అల్లూరి సీతారామరాజు జిల్లావే. అంతకుముందు సిగ్నల్ కోసం కొండెక్కి చెట్టు కింద నిలబడ్డ ఊళ్లకి ఆ టవరే దిక్కు. అయితే ఒక నెట్‌వర్క్‌లో వోల్టీ పలకాలంటే ఆ నెట్‌వర్క్ అమరికలు ఫోను సాఫ్ట్‌వేర్‌లో ముందే రాసి ఉండాలి. ఇదే ఫోనుని మన దేశంలో అమ్మినప్పుడు అందులో జియో అమరికలు రాశారు. అమెరికా నెట్‌వర్క్ తన కౌంటర్‌లో అమ్మిన ఫోనుకి తన అమరికలే రాసుకుంది. లోపల చిప్పు ఒకటే, మైకు ఒకటే, స్పీకరు ఒకటే. తేడా అంతా ఆ రాతలో ఉంది.

వాట్సాప్‌లో మాట్లాడుకోవచ్చుగా అనకండి. 108కి వాట్సాప్‌లో ఫోను చేయలేం.

రాత తప్పయితే దిద్దాలి. నా వ్యాపకమే అది. ఆ రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి, మంచి కేబులు ఒకటి వెతికి కూర్చున్నాను. ఈ పనిలో సగం విద్య మంచి కేబులు ఎంచుకోవడమే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ అనే దొడ్డిగుమ్మం తెరుచుకుంటుంది. అందులో ఓఈఎమ్ అన్‌లాకింగ్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని కుడివైపు జరిపితే ఇక మనదే రాజ్యం. ఇందులో ఆ మీట ఉంది కానీ బూడిదరంగులో ఉంది. వేలితో ఎంత రుద్దినా కదల్లేదు. సరే, ఫాస్ట్‌బూట్‌లోకి తెచ్చి లాప్‌టాప్ నుంచి ఆజ్ఞ పంపాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒకే జవాబు వచ్చింది: అనుమతి లేదు. కేబులు మార్చాను. ఫోను మొత్తం తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టాను. డాలస్‌లో పొద్దున్న కదా అని తమ్ముడికి ఫోను చేసి, నెట్‌వర్క్ వాళ్లని అడగమన్నాను. "మీ ఫోను ఎప్పుడో అన్‌లాక్ అయిందండీ" అన్నారట మర్యాదగా. రెండు తాళాలున్న ఇంటికి ఒకటే తీసి, తలుపు తెరిచామనడం అంటే ఇదే.

ఈ రెండు తాళాల సంగతి చాలామందికి తెలియదు. మొదటిది సిమ్ తాళం. ఫోను వేరే కంపెనీ సిమ్ తీసుకోకుండా వేస్తారు. అరువిచ్చినవాడు వసూలయ్యేదాకా వేసుకునే తాళం కాబట్టి దాని న్యాయం దానికుంది. మనకిదేం కొత్త కాదు. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలకే చేతిలో ఫోను పెట్టినప్పుడు ఆ సీడీఎంఏ ఫోన్లలో సిమ్మే లేదు. ఇక మార్చేదేముంది? 2017లో 1,500 డిపాజిట్‌తో వచ్చిన జియోఫోనూ జియో సిమ్‌కే పలికేది. చవకగా ఇస్తున్నాం, మా దగ్గరే ఉండండి అని ముందే చెప్పారు, జనం ఒప్పుకునే కొన్నారు. అమెరికాలో ఈ సిమ్ తాళం మీద పెద్ద గొడవే జరిగి, 2014 ఆగస్టులో ఒబామా సంతకంతో చట్టం వచ్చింది. ఆ చట్టం మొదటి తాళం దగ్గరే ఆగిపోయింది.

రెండోది బూట్‌లోడర్ తాళం. ఫోను మీట నొక్కగానే అన్నిటికంటే ముందు మేల్కొనే చిన్న ప్రోగ్రాముల్లో ఒకటి బూట్‌లోడర్. గుమ్మం దగ్గర కావలివాడనుకోండి. లోపలికి వచ్చే ఆండ్రాయిడ్ మీద కంపెనీ సంతకం ఉందో లేదో చూసి, ఉంటేనే పోనిస్తాడు. ఆ సంతకం ఆనవాలు ప్రాసెసర్‌లోనే కంటికి కనబడనంత సన్నటి ఫ్యూజుల్లో కాల్చి పెడతారు. నేను ముప్పై ఏళ్లు పవర్‌హౌస్‌లో ఉన్నవాణ్ణి, ఫ్యూజు పోతే కొత్త తీగ చుట్టడం తెలుసు. ఈ ఫ్యూజులు ఒక్కసారి కాలితే అంతే, చుట్టడానికి తీగ లేదు.

కావలివాడే వద్దని నేననను. దొంగ చేతిలో పడ్డ ఫోనుకి వాడే రక్ష. తాళం తీసేటప్పుడు ఫోను మొత్తం తుడిచిపెట్టుకుపోవడం కూడా అందుకే. మరి తాళం తీసిన ఫోన్లో కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఈ సంగతి ముందే చెప్పి, సరే అంటేనే మొదలుపెడతాను. నాకు కావలసింది తాళం లేని ఇల్లు కాదు. కొన్న ఇంటికి నా తాళం నేను వేసుకుంటానంటున్నాను. ఇది కుదరని పనేం కాదు. గూగుల్ సొంతంగా అమ్మే పిక్సెల్ ఫోన్లలో పాత తాళం తీసి, మన సంతకం ఎక్కించి, మళ్లీ తాళం వేసుకునే ఏర్పాటు ఉంది. ఆ పిక్సెల్‌నే అమెరికాలో ఒక పెద్ద నెట్‌వర్క్ కౌంటర్‌లో కొంటే మీట బూడిదరంగులోనే ఉంటుంది, చివరి వాయిదా కట్టినా సరే. కనక అప్పు వసూలు కోసమనే మాట ఇక్కడ నిలవదు. ఫోను పాతబడితే కొత్తది కొంటారన్న లెక్క తప్ప నాకింకో కారణం కనబడదు.

మా పవర్‌హౌస్‌లో తాళాలకి కొదవలేదు. అప్పర్ సీలేరులో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు. లైను మీద పనుంటే ముందు ఎల్.సి. తీసుకోవాలి, అంటే లైన్ క్లియర్. సరఫరా ఆపి, స్విచ్చికి తాళం వేసి, ఎవరి పేరు మీద ఇచ్చామో రిజిస్టర్లో రాస్తాం. పని చేసేవాడు దిగొచ్చి సంతకం పెట్టి ఎల్.సి. తిరిగిచ్చేదాకా చీఫ్ ఇంజనీరే వచ్చి అడిగినా లైను ఛార్జి చేయకూడదు. ఆ తాళం అంత గట్టిది. కానీ అది తెరుచుకునేది ఎవరి సంతకంతో? తీగ పట్టుకుని పైన ఉన్నవాడి సంతకంతో. ప్రాణం ఎవరిదో మాటా వాడిదే. బూట్‌లోడర్‌కీ భద్రతే అంటున్నారు. మంచిదే. ఆ ఫోను నమ్ముకుని కొండ మీద ఉన్నది ఎవరు, తాళంచెవి ఎక్కడుంది?

నాకీ ఫోన్ల పిచ్చి 2012లో పట్టింది. మొదటి ప్రయత్నంలోనే ఫోనుని ఇటుక చేశాను. తప్పు నాదే, వేరే మోడల్ ఫైలు ఎక్కించాను. రెండు వారాలు అది బల్ల మీద కాగితాలు ఎగరకుండా పనికొచ్చింది. అప్పట్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరి నోటా సయనోజెన్‌మాడ్ మాటే. ఆండ్రాయిడ్‌నే మార్చి రాసిన సిస్టమ్ అది, స్టీవ్ కాండిక్ అనే అమెరికన్ మొదలుపెట్టినది. 2016 డిసెంబరులో అది మూతపడితే, అదే కోడు నుంచి లీనియేజ్‌ఓఎస్ మొలిచింది. 2014 ఫిబ్రవరిలో మోటో జీ మన దేశానికి వచ్చినప్పుడు కంపెనీ సైట్లో నంబరు కొడితే తాళంచెవి మెయిల్లో వచ్చేది. షావోమీ వాళ్లు 168 గంటలు కూర్చోబెట్టి మరీ ఇచ్చేవారు. విసుగొచ్చేది గానీ, ఇచ్చేవారు. హువావే 2018లో ఇవ్వడమే మానేసింది. ఒక్కొక్క గుమ్మమే అలా మూసుకుపోతూ వస్తోంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను తీయనని చెప్పే తాళాలూ ఉన్నాయి. 2023 డిసెంబరు 21న మన చింతపల్లిలోనే అప్పటి ముఖ్యమంత్రి ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. ఆ విడతలో రాష్ట్రం మొత్తం మీద 4,34,185 ట్యాబులు. లోపల బైజూస్ పాఠాలు, పాఠాలు తప్ప వేరేవి తెరుచుకోకుండా ఒక కాపలా సాఫ్ట్‌వేర్. ఒక కుర్రాడు సాయంత్రం పూట వచ్చి, చొక్కా కింద దాచిన ట్యాబు తీసి, "తాతా, గేమ్ ఎక్కదు, తాళం తీయవా?" అన్నాడు. తీయనన్నాను. మీ మాస్టార్ని అడిగి రా అన్నాను. మళ్లీ రాలేదు. ఆ తాళం ఎందుకు వేశారో అందరికీ తెలుసు, ఎవరు వేశారో తెలుసు, అడగడానికి ఎదురుగా ఒక మాస్టారున్నాడు. తమ్ముడి ఫోనుకి ఆ మాస్టారే లేడు.

నెట్‌లో వెతికితే తాళం విరగ్గొట్టే దారులు దొరక్కపోవు. డబ్బు కడితే దూరం నుంచే తీసిపెడతామనేవాళ్లున్నారు. ముక్కూ మొహం తెలియనివాడికి ఫోను లోపలిదాకా దారిచ్చి, ఆ ఫోను తీసుకెళ్లి ఒక మేటు చేతిలో పెట్టి, కూలీల ఫొటోలు తీయమనడం నా వల్ల కాలేదు. 2010లోనే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కాపీరైట్ చట్టం కింద ఫోను తాళం విరగ్గొట్టుకోవడం నేరం కాదని మినహాయింపు ఇచ్చింది. విరగ్గొట్టుకోవచ్చు, కానీ తాళంచెవి ఇమ్మని కంపెనీకి చెప్పలేదు. దొంగలా దూరితే పట్టుకోం అన్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా?

ఆవిడ ఇప్పుడు రెండు ఫోన్లు మోస్తోంది. హాజరుకి తమ్ముడి ఫోను, మాటకి 999 రూపాయలకి కొన్న జియోభారత్. ఆ చిన్నదీ తాళం ఫోనే, జియో సిమ్ తప్ప వేరేది తీసుకోదు. దానిమీద నాకు కోపం లేదు. 999కి అమ్మింది, నోరుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మనవి. ఊరికి పాత ఫోను పంపే ముందు వాయిదాలు తీరాయా, సిమ్ తాళం పోయిందా అని చూసి ఊరుకోకండి. ఫోనుని నెట్‌కి కలిపి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టి, ఓఈఎమ్ అన్‌లాకింగ్ మీట జరుగుతుందో లేదో చూడండి. కొత్తది కొనేటప్పుడే నెట్‌వర్క్ కౌంటర్‌లో కాకుండా, తెరుచుకునే ఫోను తయారుచేసే కంపెనీ దగ్గర నేరుగా కొంటే ఇంకా మేలు. మీట జరగకపోతే ఆ ఫోను అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. సూట్‌కేసులో ఆ బరువుకి బాదంపప్పు ఇంకో పొట్లం పట్టుకురండి.