ఏ చక్కెర ఎక్కడ కూర్చోవాలి?

పాత తపసి బంక మూట విప్పితే పుల్లటి వాసన గుప్పుమంటుంది. కాసిపేట అంటే బొగ్గు గనులే గుర్తొస్తాయి గానీ, మా ఉమ్మడి ఆదిలాబాద్‌ అడవులకు బంక కూడా పాత పరిచయమే. ఏరి తెచ్చాక బెరడు ముక్కలు గిల్లిపారేసి, తెల్లదాన్ని ఒక కుప్ప, ఎర్రదాన్ని ఒక కుప్ప పోస్తారు. ధర తెల్లదానికే. రాత్రి చిటికెడు నీళ్లలో వేస్తే తెల్లారేసరికి గిన్నెంతా ఉబ్బి ఉంటుంది, కరగదు మాత్రం.

ఈ బంక మొత్తం చక్కెరల గొలుసే. గెలాక్టోజ్, రామ్నోజ్, గెలాక్టురోనిక్ ఆమ్లం ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. వాటికి అక్కడక్కడా అసిటైల్ గుంపులు అంటుకుని ఉంటాయి. నిల్వలో అవి మెల్లగా ఊడి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే అవుతాయి. మూటలో వాసన దానిదే. క్షారంతో ఆ గుంపుల్ని పూర్తిగా తీసేస్తే, అంతవరకూ మొండికేసిన బంక నీళ్లలో కరిగిపోతుంది. ఒక్కటి తీసి చూస్తే దాని పనేమిటో తెలిసింది. నాకు ఈ పద్ధతంటే ప్రాణం. అయితే చెట్టు ఇచ్చిన గొలుసులో తీయడం వరకే మన చేతిలో ఉంది. కావలసిన చోట కావలసిన చక్కెరను పెట్టడం కుదరదు. పైగా ఏ రెండు గొలుసులూ ఒక్కలా ఉండవు.

ఒంట్లో పనిచేసే చక్కెర గొలుసులకైతే ఈ చిక్కు ప్రాణం మీదికి వస్తుంది. డయాలసిస్ గొట్టాల్లో నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అలాంటి గొలుసే. ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచి తీస్తారు. దాని గొలుసుల్లో దాదాపు మూడో వంతులోనే అసలు పనిచేసే అయిదు చక్కెరల వరస ఉంటుంది. 2008లో అమెరికాలో హెపారిన్ ఎక్కించుకున్న రోగులకు ఉన్నట్టుండి రక్తపోటు పడిపోయింది, కొందరు చనిపోయారు. వెతికితే, అందులో అతిగా సల్ఫేట్ ఎక్కించిన కోండ్రాయిటిన్ అనే మరో చక్కెర గొలుసు కలిసి ఉందని తేలింది. అది కూడా నెత్తురును గడ్డకట్టనివ్వదు కాబట్టి అప్పటి పరీక్షలన్నీ దాటుకొచ్చింది. మా గని కార్మికుల ఇళ్లలోనూ డయాలసిస్‌కు వెళ్లేవాళ్లున్నారు. ఆ ఉదంతాన్ని దూరదేశపు వార్తగా చదవలేను.

అయితే ఆ అయిదు చక్కెరలనే మనిషి చేత్తో కట్టొచ్చు కదా? కట్టారు. దాని పేరు ఫోండాపారినక్స్, అమెరికా 2001లో అనుమతించింది. మన హైదరాబాద్‌ డాక్టర్ రెడ్డీస్, ఆస్ట్రేలియాకు చెందిన ఆల్కెమియాతో కలిసి దాని జెనరిక్ తయారుచేసి 2011 జులైలో అమెరికా అనుమతి తెచ్చుకుంది. యాభైకి పైగా దశల పని. ఒక్కో చక్కెరకు అతుక్కునే చోట్లు చాలా ఉంటాయి. ఒక్కటి తెరిచి మిగతావన్నీ మూయాలి, పక్క చక్కెరను అతకాలి, మళ్లీ మూసినవాటిలో సరైనదాన్నే విప్పాలి, సల్ఫేట్ చేరాల్సిన చోటే చేర్చాలి. ఎక్కడ తప్పినా మొదటికొస్తుంది. మన తెలుగు గడ్డ మీద జరిగిన గొప్ప చేతిపనుల్లో దీన్నొకటిగా లెక్కిస్తాను. కానీ ఈ మందు కిడ్నీల గుండానే బయటికి పోవాలి. అందుకే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వకూడదు.

అయిదింటికే ఇంత శ్రమైతే పొడవాటి గొలుసు మాటేమిటి? అక్కడే రసాయనవేత్తలు దారి మార్చారు. చిన్న చక్కెరను శ్రద్ధగా కట్టి, చక్కెరే కాని ఒక కృత్రిమ పాలిమర్ వెన్నుకు వరసగా తగిలించారు. ఎన్ని, ఎంత దూరంలో అన్నది వాళ్ల ఇష్టం. 1990లలో అమెరికాలో లారా కీస్లింగ్ బృందం ఇలాంటివాటిని కాంకనావలిన్‌-ఎ అనే ప్రొటీన్‌తో పరీక్షించింది. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన చిక్కుడు గింజలో దొరికే లెక్టిన్, అంటే చక్కెరలను పట్టుకునే ప్రొటీన్, అది. ఒంటరి చక్కెరను అది వదులుగానే పట్టుకుంటుంది. అదే చక్కెర వరసగా కనిపిస్తే గట్టిగా పట్టేస్తుంది. తర్వాత కాల్‌టెక్‌లో లిండా షే-విల్సన్ బృందం కోండ్రాయిటిన్ ముక్కలతో ఇలాంటి పాలిమర్లు చేసి నాడీకణాలపై ప్రయోగించింది. కణం స్పందించడమా మానడమా అన్నది సల్ఫేట్ కూర్చున్న చోటును బట్టి ఉందని చూపింది. సహజమైన మిశ్రమంతో ఇంత తేటగా తేల్చడం చాలా కష్టం. కృత్రిమమని తీసిపారేసేవాళ్లకు నేను ఈ ప్రయోగాన్నే చూపిస్తాను.

ఇవింకా ఎక్కువగా ప్రయోగశాల సాధనాలే. డయాలసిస్ గదిలో నేటికీ చాలావరకు పంది పేగు హెపారినే. అయితే ఫోండాపారినక్స్‌ను యాభై దశలు దాటించిన చేతులు హైదరాబాద్‌లో ఉన్నాయి. పొట్ల, కాకర గింజల లెక్టిన్లు ఏ చక్కెరను ఎలా పట్టుకుంటాయో తేల్చిన ఎం.జె. స్వామి బృందం పనిచేసిందీ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే. ఈ రెండు విద్యలూ ఒక్కచోట చేరి, కిడ్నీ రోగికి పనికొచ్చే గొలుసు మీద ఏళ్ల తరబడి పనిచేయాలి. దానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలి.