పచ్చికబయళ్ల పుట్టగొడుగులు: భయమా, వివేకమా?

వలెంతినా పావ్లోవ్నా వాసన్, గార్డన్ వాసన్ దంపతులు 1957లో 'పుట్టగొడుగులు, రష్యా, చరిత్ర' అను గ్రంథమును రెండు సంపుటములుగా వెలువరించిరి. ఆమె రష్యాలో పుట్టిన వైద్యురాలు. ఆయన అమెరికను బ్యాంకరు. 1927లో కాట్‌స్కిల్ కొండలకు విహారమునకు పోయినప్పుడు ఆమె అడవి పుట్టగొడుగులను సంతోషముతో ఏరుకొనగా, ఆయన వానిని చూచియే వెఱచెనట. ఈ చిన్న తగవునుండి ఒక పెద్ద సిద్ధాంతము పుట్టినది: జాతులలో కొన్ని శిలీంధ్రప్రియములు, కొన్ని శిలీంధ్రభీతములు. రష్యనులు మొదటి తెగ, ఆంగ్లేయులు రెండవ తెగ.

గ్రంథములోని జానపద విషయసేకరణ, పదచర్చ విలువగలవే. కాని పచ్చికబయలు దగ్గరకు వచ్చుసరికి సిద్ధాంతము తడబడుచున్నది.

పశువులు, గుఱ్ఱములు మేయు బీళ్లలో మొలచు అగారికస్ కాంపెస్ట్రిస్‌ను ఆంగ్లేయులు తరతరములుగా ఏరి వేయించుకొని తినిరి. ఉప్పులో ఊరవేసి రసము తీసి 'కెచప్' చేసిరి. (టొమాటో కెచప్ దానికి తరువాతిది.) అదే బీళ్లలో పెరుగు, బంతివలె గుండ్రనగు పఫ్‌బాల్‌ను లోపల తెల్లగా నున్నంతవరకు కోసి వండుకొనిరి. ఎండిపోయిన దానితో గాయముల రక్తము నాపిరి. దాని పొగతో తేనెటీగలను మత్తిల్లజేసిరి. వెఱచిన జాతి చేయు పనులా యివి?

ఇవి మినహాయింపులని సిద్ధాంతమును సమర్థించువారు చెప్పవచ్చును. నాకు మాత్రము అసలు విషయ మిదియే యని తోచుచున్నది. ప్రాణాంతకమైన అమనీటా ఫాల్లాయిడిస్ ఓక్, బీచ్ మున్నగు చెట్ల వేళ్లతో కలిసి జీవించును. చెట్లులేని బీటిలో సాధారణముగా మొలవదు. దాని గొడుగు క్రింది రేకులు తెల్లగనే యుండును. బీటిలోని అగారికస్ రేకులు మొదట గులాబిరంగుతో నుండి పిదప ముదురుగోధుమ రంగునకు మాఱును. అడవిదానిని వదలి బీటిదానిని ఏరుకొనుట భీతి కాదు, ఎఱుక. అయితే బీటిలోను అపాయము లేకపోలేదు. మస్కరీన్ అను విషముగల చిన్న తెల్లని క్లైటోసైబ్ అచ్చటనే మొలచును. మనదేశపు పచ్చికలలో మొలచి, ముదిరినపుడు రేకులు ఆకుపచ్చబాఱు క్లోరోఫిల్లమ్ తిన్నవారికి తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును.

ఎఱుక వేఱు, పుకారు వేఱు. విషపు పుట్టగొడుగు వెండిచెంచాను నల్లబఱచునను మాట ఇంకను వినవచ్చుచున్నది. అమనీటా విషము వెండిని నల్లబఱచదు, ఉడికించినను నశింపదు. తిన్న ఆఱుగంటల తరువాతగాని, ఒక్కొక్కప్పుడు దినమంతయు గడచినగాని బాధ తెలియదు. ఆ లోపలనే కాలేయము చెడుచుండును.

జాతుల స్వభావముకంటె మొలచు చోటు ముఖ్యమనుటకు మన పదమే సాక్ష్యము. పుట్టగొడుగు, పుట్టకొక్కు అను పేర్లలో రుచి లేదు, భయము లేదు, పుట్ట యున్నది. చెదలు పుట్టలో పెంచు శిలీంధ్రము వానలు పడగనే పైకి గొడుగెత్తును. ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని 1942లో పేరిడినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్. తరువాత వాసన్‌తో మెక్సికోకు వెళ్లిన హైమ్ ఈతడే.