అలమరల వైపు నుంచి చూస్తే

ఢిల్లీలో జనపథ్ మీద, కర్తవ్యపథ్‌కు ఆనుకున్నంత దగ్గరలో, ఎత్తయిన స్తంభాల భవనం ఒకటుంది. అది నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా. ఎడ్విన్ లుటియన్స్ గీసిన నమూనా ప్రకారం 1926లో పూర్తయింది. 2021లో సెంట్రల్ విస్టా పనుల మీద వాదోపవాదాలు నడిచినప్పుడు ఈ భవనం పేరు కొన్నాళ్లు పత్రికల్లో నలిగింది. పాత భవనం వారసత్వ కట్టడం కనుక దాని జోలికి పోమని, పక్కన తరవాతి కాలంలో కట్టిన అనుబంధ భవనాన్ని మాత్రం తీసేస్తామని ప్రభుత్వం చెప్పింది. చరిత్రకారులు కలవరపడి బహిరంగ లేఖలు రాశారు. మిగతావాళ్లలో చాలామంది మాత్రం స్తంభాలు నిలుస్తాయి కదా, ఇంకేం కావాలని సరిపెట్టుకున్నారు. నా పేచీ ఆ సరిపెట్టుకోవడంతోనే. రికార్డులు దాచే పనికి కట్టిన భవనాన్ని దాని ముఖం చూసి వెలకట్టకూడదు. లోపలి అలమరలు ఏ పని చేస్తున్నాయో చూసి కట్టాలి. ఆ లెక్కన ఏ శిల్పసౌందర్యమూ లేని అనుబంధ భవనంలో కట్టలు కట్టలుగా దస్త్రాలు ఉన్నాయంటే, అదీ లుటియన్స్ భవనమంత ముఖ్యమే.

ఈ సంస్థ పుట్టుక చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. చరిత్ర మీద ప్రేమ కన్నా ముందు చోటు చాలకపోవడమే దీన్ని పుట్టించింది. 1857 తిరుగుబాటు తరవాత పాలన కంపెనీ చేతుల్లోంచి రాణి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది. కలకత్తా కచేరీల్లో కాగితాలు గుట్టలు పడి ఉన్నాయి. 1860లో సివిల్ ఆడిటర్ శాండిమన్ ఒక నివేదిక ఇచ్చాడు. రోజువారీ కాగితాల్లో అక్కరలేనివి నాశనం చేసి, విలువైనవాటిని ఒక పెద్ద కేంద్ర భాండాగారానికి చేర్చమన్నాడు. పారేయడమూ దాచడమూ ఒకే కాన్పులో పుట్టాయన్న మాట. ఏది ఉంచాలో నిర్ణయించేవాడే ఏది పోవాలో కూడా నిర్ణయిస్తాడు. ఈ వృత్తిలోని అసలు బరువు అదే, అది ఈనాటికీ తగ్గలేదు. ఆ తరవాత 1889లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ ఆచార్యుడు జి.డబ్ల్యు. ఫారెస్ట్‌కు విదేశాంగ శాఖ రికార్డులను పరిశీలించే పని అప్పగించారు. ఆయన సిఫార్సుతో 1891 మార్చి 11న ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. దానికి సొంత ఇల్లు లేదు. కలకత్తాలోని ఇంపీరియల్ సెక్రటేరియట్ భవనంలోనే సర్దుకుంది. కాకతాళీయమే అయినా, అదే 1891లో హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం మొదలైంది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఇప్పుడు మనం చూసే భవనంలోకి అది చేరింది 1936లో. ఒకటి ముప్పై అయిదేళ్లు, ఇంకొకటి నలభై అయిదేళ్లు సొంత భవనం కోసం ఎదురుచూశాయి. ఈలోగా వాటి పని ఆగలేదు. జాబితాలు రాసేవాళ్లు రాశారు, దుమ్ము దులిపేవాళ్లు దులిపారు. సంస్థ ముందు, భవనం తరవాత.

1911 ఢిల్లీ దర్బారులో రాజధాని మార్పు ప్రకటించాక కొత్త నగరంలో రికార్డులకూ చోటు చూడవలసి వచ్చింది. రెండు పెద్ద దారులు కలిసే కూడలి చుట్టూ నాలుగు సాంస్కృతిక సంస్థల భవనాలు నిలపాలని లుటియన్స్ ఊహ. ఆ నాలుగింట్లో లేచింది ఒక్క రికార్డు ఆఫీసే. మిగతావి కాగితం మీదే ఉండిపోయాయి. సామ్రాజ్యం మ్యూజియం లేకుండా నడవగలదు, పాత ఉత్తర్వులు చేతికందకపోతే నడవలేదు మరి. అయితే ఈ కథలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది నిర్మాణం కాదు, ఆ తరవాత నడిచిన కాలం. భవనం 1926లో సిద్ధమైంది. కలకత్తా నుంచి రికార్డులన్నీ చేరడం మాత్రం 1937లో గాని ముగియలేదు. దీన్ని సర్కారీ నిదానం అని తీసిపారేయడం తేలికే. కొంత నిదానమూ ఉండే ఉంటుంది. కానీ రికార్డులు మోయడం సామాన్లు మోయడం లాంటిది కాదు. పుస్తకాల్ని విషయం వారీగా ఎలా పేర్చినా పుస్తకం పుస్తకంగానే ఉంటుంది. ప్రభుత్వ దస్త్రం అలా కాదు. ఏ శాఖలో, ఏ విభాగంలో, ఏ సంవత్సరంలో, ఏ కాగితానికి జవాబుగా పుట్టిందో ఆ వరసలో ఉంటేనే దానికి అర్థం. వరస చెదిరితే కాగితం ఉంటుంది గాని, ఎవరు ఎవరికి ఎందుకు రాశారన్నది పోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ఆఫీసు పెట్టిన వరసను తమ ఇష్టానికి మార్చరు. అది ఎంత అస్తవ్యస్తంగా కనిపించినా సరే. ఒకే కప్పు కింద గ్రంథాలయమూ రికార్డు గదీ ఉన్నచోట రెండు రకాల క్రమశిక్షణ పక్కపక్కనే నడుస్తుంది. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇదే జరుగుతోంది.

ఇక కాగితం సంగతి. పాతది త్వరగా పోతుందని, కొత్తది ఎక్కువకాలం నిలుస్తుందని మనం అనుకుంటాం. రికార్డు గదిలో తరచు దీనికి తలకిందులుగా ఉంటుంది. మొగలుల కాలపు ఫర్మానాలు చేతితో చేసిన కాగితం మీద, మసి సిరాతో రాసినవి. గుడ్డపీలికల్లాంటి నారతో చేసిన ఆ కాగితంలో ఆమ్లం తక్కువ. మసి సిరా కాగితాన్ని తినదు. అందుకే మూడు వందల ఏళ్ల తరవాత కూడా అవి విప్పితే విచ్చుకుంటాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి కలప గుజ్జు కాగితం వచ్చింది. అందులోని ఆమ్లమే దాన్ని లోపల్నుంచి పసుపు పట్టించి పెళుసు చేస్తుంది. ఇనుము కలిసిన సిరా అయితే అక్షరం ఉన్నంత మేరా కాగితాన్ని కొరికేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దొరికిన నాసిరకం కాగితం మీద టైపు చేసిన ఫైలు ఔరంగజేబు నాటి దస్త్రం కన్నా ముందు పొడి అయిపోవచ్చు. దీనికి తోడు ఢిల్లీ వాతావరణం. మే నెలలో ఎండి పెటపెటలాడే గాలి, జులైలో చెమ్మ. కాగితం ఆ చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, వదిలి ముడుచుకుంటుంది. ఏటేటా ఇలా సాగితే నార విరుగుతుంది. బూజు, చెదలు, వెండి పురుగు వీటికి తోడు. దళసరి గోడ, ఎత్తయిన కప్పు, గాలి ఆడే సందు, నేలకు తగలని అలమర, ఇవన్నీ ఈ ఉబ్బడాన్నీ ముడుచుకోవడాన్నీ మందగింపజేసే పనిముట్లు. వైద్యుడి చేతిలో పరికరం ఎంతో, రికార్డు కీపరుకు గోడ అంత. దాన్ని అలంకారంగా చూడటం మనం చేసే పొరపాటు.

గోడ చేయలేని పనికి మనుషులు కావాలి. ఈ సంస్థలో 1940లో పరిశోధనశాల పెట్టారు. మరుసటి ఏడాది రికార్డుల నిర్వహణలో శిక్షణ మొదలైంది. శిథిలమైన కాగితాన్ని నిలబెట్టడానికి అమెరికాలో అప్పటికి వేడి, ఒత్తిడి పెట్టే యంత్రాలు వాడేవారు. అంత ఖరీదు యంత్రాలు, నిలకడైన కరెంటు లేని దేశంలో పనికొచ్చే దారి ఇక్కడి రసాయనవేత్తలు కనిపెట్టారు. కాగితానికి రెండువైపులా సెల్యులోజ్ అసిటేట్ పొర, దాని మీద పల్చటి టిష్యూ కాగితం పరిచి, అసిటోన్‌లో ముంచిన దూదితో చేత్తో రుద్దితే పొర కరిగి అంటుకుంటుంది. బల్ల, దూది, చేతి నేర్పు ఉంటే చాలు. దేశంలో ఎన్నో రికార్డు ఆఫీసులు ఈ పద్ధతినే అందుకున్నాయి. తరవాత ఈ శాస్త్రమే ముందుకు వెళ్లి, ఒకసారి అతికిన పొరను సులువుగా విడదీయలేకపోవడం మంచిది కాదని తేల్చింది. తిరిగి విప్పగలిగిన మరమ్మతే మేలన్నది ఇప్పటి మాట. ఈ వృత్తిలో నాకు నచ్చేది ఈ గుణమే. ముందు తరం చేసినదాన్ని తరవాతి తరం విప్పి సరిచేయగలగాలి, అందుకు తగ్గట్టే ఇప్పుడు చేయి పెట్టాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది నిజాయితీ గల అభ్యంతరమే. నువ్వు చెప్పేదంతా ఒప్పుకుంటే పాత గోడల కన్నా కొత్త భవనమే మంచిది కదా, ఉష్ణోగ్రత, తేమ కట్టుబాటులో ఉండే గదులు, నిప్పు ఆర్పే ఏర్పాట్లు అన్నీ అందులో పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. పెట్టుకోవాలి కూడా. పాత ఇటుక మీద మమకారంతో కాగితాన్ని పాడుచేసుకోమని ఎవరూ అనరు. నా మాట అల్లా, కొత్తదానికి మారే దారి ముందుగా తేలాలన్నదే. కలకత్తా రికార్డుల తరలింపుకు పదకొండేళ్లు పట్టింది, అదీ భవనం సిద్ధంగా ఉండగా. ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్ చేతిలో ఉన్నవి లక్షల ఫైళ్లు, వేల చేతిరాత ప్రతులు, మ్యాపులు, మొగలుల నాటి దస్త్రాలు. కూల్చే తేదీ ముందు ఖాయమై, కాగితాలు ఎక్కడికి, ఏ వరసలో, ఎవరి సంతకంతో వెళ్తాయన్నది తరవాత ఆలోచించే పద్ధతి వస్తే నష్టం నిశ్శబ్దంగా జరుగుతుంది. పోయిన ఫైలు గురించి ఎవరూ ఏడవరు, ఎందుకంటే అది ఉందని తెలిసినవాడే ఉండడు.

రెండో అభ్యంతరం ఈ కాలానిది. అన్నీ స్కాన్ చేసి పెడితే భవనం గొడవే ఉండదంటారు. నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటు 2015 నుంచి ఉంది. దాని మేలు చిన్నది కాదు. గుంటూరులోనో వరంగల్‌లోనో కూర్చున్న పరిశోధక విద్యార్థి హైదరాబాద్ రెసిడెన్సీ కాగితం కోసం ఢిల్లీ రైలెక్కనక్కరలేదు. అసలు ప్రతిని పదేపదే తిరగేయడమూ తగ్గుతుంది. ఇంతవరకు ఒప్పుకుంటాను. కానీ స్కాన్ అనేది అసలుకు నకలు, దానికి బదులు కాదు. కాగితం ఏ రకం, ముద్ర ఎలా పడింది, ఒక అధికారి కొట్టేసిన మాట కింద ఏముంది, ఏ పుట తరవాత చేర్చారు, ఇవి తెరమీద సగమే కనిపిస్తాయి. కోర్టులో వివాదం వస్తే అడిగేది అసలునే. పైగా సర్వరుకూ ఇల్లు కావాలి, కరెంటు కావాలి, కొన్నేళ్లకోసారి కొత్త రూపంలోకి మార్చే చేతులు కావాలి. కాగితాన్ని కొన్నాళ్లు మరిచిపోయినా చీకట్లో బతుకుతుంది. డిజిటల్ ఫైలును పట్టించుకోకపోతే పదిహేనేళ్లకు తెరవడమే కష్టం. అన్నిటికీ మించి, స్కాన్ చేసేవాడికి చేతికందే కాగితం వరసలో ఉండాలి. ఆ వరసను కాపాడేది మళ్లీ అలమరే.

మూడో అభ్యంతరం ఎవరూ గట్టిగా అనరు గాని, అన్నిటికన్నా బలమైనది. అసలు కాగితాలే రాకపోతే భవనం ఎందుకు? 2022 డిసెంబరులో నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరలే బహిరంగంగా చెప్పారు. 1962, 1965, 1971 యుద్ధాల రికార్డులు తమ దగ్గర లేవని, హరిత విప్లవానివి కూడా లేవని. కేంద్రంలో 151 మంత్రిత్వ శాఖలు, విభాగాలు ఉంటే తమకు రికార్డులు చేరింది వాటిలో 36 నుంచేనని. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రతి శాఖా ఒక రికార్డు అధికారిని నియమించాలని, పాతికేళ్లు దాటిన శాశ్వత రికార్డుల్ని ఆర్కైవ్స్‌కు అప్పగించాలని చెబుతోంది. రికార్డుల్ని అక్రమంగా నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు శిక్ష కూడా అందులో ఉంది. ఇవ్వకుండా కూర్చుంటే మాత్రం అడిగేవాడు లేడు. ఇది నా వాదాన్ని దెబ్బకొడుతుందని ఎవరైనా అనుకోవచ్చు. నిజానికి ఇది దాన్నే మరో వైపు నుంచి చెబుతోంది. స్తంభాలకు కాపలా పెట్టి ఖాళీ అలమరల గురించి అడగకపోవడం కూడా భవనాన్ని ముఖం చూసి అంచనా వేయడమే. పరాయి పాలకులు ఈ ఒక్క విషయంలో మనకన్నా కచ్చితంగా ఉన్నారని ఒప్పుకోవడం కాస్త ఇబ్బందే. వాళ్లు తెలుగులో వచ్చిన చిన్న చిన్న జాతీయోద్యమ పుస్తకాల్ని కూడా నిషేధించారు, నిషేధించి ప్రతులు దాచారు. ఆ నిషిద్ధ సాహిత్యం ఇప్పుడు ఢిల్లీ ఆర్కైవ్స్ గ్రంథాలయ విభాగంలో చదువుకోవడానికి దొరుకుతోంది. వాళ్లు దాచింది మన కోసం కాదు, 1939లో సురేంద్రనాథ్ సేన్ ఈ సంస్థ బాధ్యత తీసుకునేదాకా పరిశోధకులకు తలుపులు సరిగా తెరుచుకోనూ లేదు. అయినా కాగితం ఉండబట్టే తలుపు తెరవాలన్న మాట వచ్చింది.

మన దగ్గరా ఇదే ప్రశ్న వేరే కొలతల్లో ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ 1960లలో ఈ పని కోసమే కట్టిన భవనం. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను దస్త్రాలు లక్షకు పైగా అక్కడున్నాయి. నిజాం ప్రభుత్వ దఫ్తర్లు అక్కడున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోని మన జిల్లాల కంపెనీ కాలపు రికార్డులు కొన్ని అక్కడికే చేరాయి, రెవెన్యూ బోర్డు వారి వరసలు మద్రాసులోని ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉండిపోయాయి. వీటిని భాష చూసి, సరిహద్దు చూసి పంచుకుందామన్న ఆలోచన రాష్ట్రం విడిపోయినప్పుడల్లా వస్తుంది. పుట్టిన వరసను తెంచి పంచడం కన్నా అసలును ఉన్నచోట ఉంచి, నకలును రెండువైపులా ఇచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. స్కానర్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. ఆఫీసులు కొత్తవి వస్తున్నాయి. హైదరాబాదు కొత్త సచివాలయం 2023లో మొదలైంది, అమరావతిలో కట్టడాలు లేస్తున్నాయి. గుమ్మటాలు, శిఖరాలు ఎలా ఉండాలన్న చర్చ చదివాం. కింది అంతస్తులో వాననీరు చేరే చోట కాకుండా, ఎండ నేరుగా పడని చోట, గాలి ఆడేలా రికార్డు గదిని నక్షలో ఎక్కడ గీశారో, పాతికేళ్లకు అందులోంచి కాగితం ఏ దారిన ఆర్కైవ్స్‌కు వెళ్తుందో మాత్రం ఆ చర్చలో నాకు కనపడలేదు.